ట్యూబులు మూసుకుపోయాయంటే, ఎక్కడ మూసుకుపోయాయని అడగాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. సంతానలేమి గురించి మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. నెలసరి లెక్కలు, థైరాయిడ్, పీసీఓడీ, బరువు వంటి సంగతులన్నీ మామూలు చదువరికి అర్థమయ్యేలా చక్కగా వివరించారు. అయితే వ్యాసం చివర్లో, రెండు ట్యూబులూ (గర్భసంచికి అండం వచ్చే దారులు) మూసుకుపోయిన మహిళలకు ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) ఒక్కటే మార్గం అని ఒక వాక్యం ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. ఆ మాట పూర్తిగా తప్పు కాదు, కొందరి విషయంలో అక్షరాలా నిజం. కానీ అందరికీ కలిపి ఒకే మాటగా అచ్చయితే అది ఎన్ని ఇళ్లలో అరెకరం అమ్మిస్తుందో, ఎంతమంది పెళ్లినాటి బంగారాన్ని తాకట్టు కొట్టుకు పంపుతుందో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, మన్నించాలి.

నేను డాక్టరును కాను. ప్రకాశం జిల్లాలోనూ పక్క జిల్లాలోనూ ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని. ఆ సర్వీసులో పదకొండేళ్లు వారానికి రెండు రోజులు నాకు ఎక్స్‌రే గదిలో డ్యూటీ పడేది. డాక్టర్లు హెచ్ఎస్‌జీ అనీ, పేషెంట్లు ట్యూబ్ టెస్టు అనీ పిలిచే పరీక్షకు వచ్చిన ఆడవాళ్ల పక్కన నిలబడడమే ఆ డ్యూటీ. కాబట్టి ఇక్కడ రాస్తున్నది కొంత కళ్లారా చూసినది, కొంత ఆ గదిలో పనిచేసిన డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, కొంత రిటైరయ్యాక తీరిగ్గా చదివినది.

ఆ పరీక్ష ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి, ఎందుకంటే అసలు పొరపాటు మొదలయ్యేది అక్కడే. నెలసరి రక్తస్రావం ఆగిన తర్వాత, నెలసరి మొదలైన నాటి నుంచి పదో రోజు దాటకుండా పరీక్ష పెడతారు. ఆ అమ్మాయి తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరి వచ్చి, పదకొండింటి దాకా వరండాలో కూర్చుని, చివరికి చల్లటి ఎక్స్‌రే బల్ల మీద మోకాళ్లు మడిచి పడుకుంటుంది. తలుపు అవతల అత్తగారు ఉంటుంది. ట్రేలో పొడవాటి ఇనుప కాన్యులా, అంటే సన్నటి గొట్టం, కనబడుతుంది. దాన్ని మా దగ్గర రూబిన్ కాన్యులా అనేవాళ్లు. ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి గర్భసంచిలోకి గాలి ఊది చూసే పద్ధతిని 1920లో లోకానికి చెప్పిన న్యూయార్క్ డాక్టరు ఇసిడార్ రూబిన్ పేరది. ఇప్పుడు గాలికి బదులు ఎక్స్‌రేలో తెల్లగా కనబడే డై ఎక్కిస్తారు. డై లోపలికి వెళ్తుంటే పొత్తికడుపులో మెలితిప్పినట్టు నొప్పి వస్తుంది. ఆ నొప్పికి వాళ్లు పట్టుకునేది నా చెయ్యే, సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా ముంజేతి మీద గోళ్ల గుర్తులు కనబడుతుండేవి.

తెర మీద గర్భసంచి తలకిందులైన త్రికోణంలా కనబడుతుంది. పై రెండు మూలల నుంచి రెండు సన్నటి దారాలు బయలుదేరి, అటూ ఇటూ వంకర తిరిగి, చివర్లో కాస్త వెడల్పై, పేగుల మధ్యకు డైని మబ్బులా విడుస్తాయి. ఆ దారాలే ఫాలోపియన్ ట్యూబులు. పదహారో శతాబ్దంలో ఇటలీలో వాటిని వర్ణించిన గాబ్రియేలే ఫల్లోపియో పేరే వాటికి నిలిచిపోయింది. ఒక్కొక్కటి 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటుంది. చివరన వెడల్పుగా ఉన్నా, గర్భసంచి గోడలోంచి బయటికి వచ్చే చోట లోపలి దారి ఒక మిల్లీమీటరుకు మించదు. పైగా ఆ చోట చుట్టూ ఉండేది గర్భసంచి కండరం, నొప్పికీ భయానికీ బిగుసుకునే కండరం. ఇంత మాత్రం తెలిస్తే చాలు, తెర మీద దారాలు కనబడకుండా త్రికోణం ఒక్కటే కనబడినంత మాత్రాన ట్యూబులు మూసుకుపోయాయని తీర్పు చెప్పడం తొందరపాటని ఎవరికైనా అర్థమవుతుంది.

రిపోర్టులో మాత్రం 'బైలేటరల్ కార్నువల్ బ్లాక్' అని మూడు మాటలు పడతాయి. రెండు వైపులా మూల దగ్గరే అడ్డు ఉందని దాని అర్థం. అడ్డు నిజమైనదా, కండరం బిగిసి డై లోపలికి పోలేదా, లేక జిగురులాంటి పదార్థం గడ్డకట్టి బిరడాలా కూర్చుందా అన్నది ఆ మూడు మాటల్లో ఉండదు, ఒక్క ఫిల్ములోంచి చెప్పడమూ కుదరదు. మూల దగ్గర బ్లాకు అని తేలినవాళ్లకు నెల తర్వాత అదే పరీక్ష మళ్లీ చేస్తే, సగానికి పైగా మందిలో ట్యూబు తెరిచే కనబడిందని ప్రచురితమైన పరిశీలన ఉంది. అంతకన్నా ఆశ్చర్యపరిచేది 1987లో అమెరికాలో వెలువడిన మరొక పరిశీలన. అక్కడ ఇదే కారణంతో ఆపరేషన్ చేసి కోసి తీసిన ట్యూబు ముక్కలను మైక్రోస్కోపు కింద చూస్తే, సగానికి మించిన కేసుల్లో అసలు మూసుకుపోయిన జాడే కనబడలేదు. కొన్నింటిలో ట్యూబు లోపలి ఆకారాన్నే అచ్చుపోసినట్టు ఒక ముద్ద మాత్రం ఉంది. తోసేస్తే పోయే ముద్ద కోసం కడుపు కోశారన్న మాట.

ఆ ముద్దను కడుపు కోయకుండానే తోసేయవచ్చన్న ఆలోచన నిజానికి గుండె, కాలి రక్తనాళాల వైద్యం నుంచి వచ్చింది. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు 1964లో ఒక 82 ఏళ్ల వృద్ధురాలి కాలి రక్తనాళాన్ని, కత్తి పెట్టకుండా, సన్నటి తీగ, దాని మీదుగా గొట్టం లోపలికి పంపి తెరిచాడు. ఈ రోజు మన ఊళ్లలో ప్రతి వీధికీ ఒకరిద్దరు స్టెంటు వేయించుకున్నవాళ్లు కనబడుతున్నారంటే దానికి మొదలు అదే. డాటర్ సహచరుడు యోసెఫ్ రోష్, ఆమీ థర్మండ్ అనే డాక్టరుతో కలిసి, అదే ఊళ్లో 1980ల చివర్లో ఆ తీగనూ ఆ గొట్టాన్నీ ఫాలోపియన్ ట్యూబుకు వాడి చూశారు. అంతకు ముందే 1985లో మరో ఇద్దరు అమెరికా డాక్టర్లు ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఒక మహిళకు ఇలా ట్యూబు తెరిచినట్టు ప్రకటించారు. తీగకు బదులు చిన్న బెలూను వాడే పద్ధతి ఫలితాలు, పలు ఆసుపత్రుల అనుభవంతో, 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. అంటే ఇది నిన్నా మొన్నా పుట్టిన ప్రయోగం కాదు, ముప్పై ఏళ్లకు పైగా లోకానికి తెలిసిన పని.

పని ఎలా జరుగుతుందో మా అక్క కూతురికి చేసినప్పుడు దగ్గరుండి చూశాను కాబట్టి అదే చెబుతాను. ఆమె వయసు 27. పెళ్లై నాలుగేళ్లు. భర్తకు చిన్న మొబైల్ షాపు ఉంది. ట్యూబ్ టెస్టు చేయించుకున్న చోటనే రిపోర్టుతో పాటు ఒక సంతాన సాఫల్య కేంద్రం కరపత్రం చేతిలో పెట్టారు. అక్కడికి వెళ్తే డాక్టరు గదికి ముందే కౌన్సెలర్ గది వచ్చింది. ఐవీఎఫ్ ప్యాకేజీ లక్షా ఎనభై వేలు, ఇంజెక్షన్లు విడిగా, ఈ నెలాఖరులోగా చేరితే పాతిక వేలు తగ్గింపు అన్నారట. ఆ కాగితాలన్నీ పట్టుకుని మా ఇంటికి వచ్చి, "పిన్నీ, నాకు రెండూ మూసుకుపోయాయంట" అని ఏడ్చింది. నేను ఫిల్ము కిటికీకి అడ్డంగా పెట్టి చూశాను. తెల్లటి త్రికోణం ఒక్కటే ఉంది, దారాలు లేవు. రెండో ఫిల్ము ఏదమ్మా అంటే, ఒక్కటే ఇచ్చారంది. కండరం సడలే ఇంజెక్షన్ ఇచ్చి కాసేపాగి మళ్లీ డై ఎక్కించారా అంటే, గుర్తులేదంది. మీ ఆయనకు పరీక్ష చేయించారా అంటే తల దించుకుంది.

ఇక్కడ ఒక్క మాట దారి తప్పి చెబుతాను. నా డ్యూటీ కాలంలో ఆ బల్ల మీద పడుకున్న అమ్మాయిల్లో ఎందరి భర్తలకు అప్పటికి వీర్యపరీక్ష జరిగిందో లెక్క వేస్తే సిగ్గుపడాలి. పట్నంలో ఏ చిన్న ల్యాబ్‌లోనైనా, సూది గుచ్చకుండా, నొప్పి లేకుండా, కొద్దిపాటి ఖర్చుతో గంటలో అయ్యే పరీక్ష అది. అది చేయించకుండా ఆడమనిషిని ముందు ఎక్స్‌రే బల్ల ఎక్కించడం వైద్యం ప్రకారమూ తలకిందుల పనే. ఎందుకంటే అతని వీర్యకణాల సంఖ్య బాగా తక్కువైతే ఆమె ట్యూబు తెరిచీ ప్రయోజనం ఉండదు.

మా అమ్మాయి భర్త మంచివాడు, చెప్పగానే చేయించుకున్నాడు, రిపోర్టు బాగానే వచ్చింది. తర్వాత తెలిసిన డాక్టరమ్మ సలహాతో గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి క్షయకు పరీక్ష చేయించాము, లేదని తేలింది. ఆ తర్వాతి నెలసరి అయ్యాక హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (ఎక్స్‌రే తెర మీద చూస్తూ తీగలు, గొట్టాలతో చికిత్స చేసే డాక్టరు) దగ్గరికి వెళ్లాము. ముందురోజు నుంచి యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. మత్తు పూర్తిగా ఇవ్వలేదు. నొప్పి తెలియకుండా, మనిషి మాట్లాడుతూనే ఉండేలా, నరానికి చిన్న ఇంజెక్షన్ వేశారు. హెచ్ఎస్‌జీకి పడుకున్నట్టే బల్ల మీద పడుకోబెట్టి, మొదట మామూలుగా డై ఎక్కించి చూశారు, మళ్లీ త్రికోణమే. అప్పుడు మెత్తటి సన్నటి గొట్టాన్ని గర్భసంచి ముఖద్వారం గుండా పంపి, దాని కొనను కుడివైపు మూలకు సరిగ్గా ఆనించి, అక్కడే కొద్దిగా డై వదిలారు. అంతే, కుడి ట్యూబు దారంలా తెల్లగా పాకింది. తీగ వాడే అవసరమే రాలేదు. అంటే నాలుగేళ్లుగా ఆ వైపు అసలు మూసుకుపోలేదో, లేక ఆ కాస్త ఒత్తిడికే బిరడా ఊడిందో చెప్పలేము. ఎడమవైపు మాత్రం డై పోలేదు. గొట్టంలోంచి ఇంకా సన్నటి గొట్టం, దానిలోంచి దారంలా సన్నటి, మెత్తటి కొన గల తీగ పంపి, వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ ఆడించారు. తీగ వెనక్కు తీసి డై వదిలితే అదీ పారింది. మొత్తం అరగంట కూడా పట్టలేదు. రెండు గంటలు పడుకోబెట్టి పంపించేశారు. ఆసుపత్రి ఎదుట హోటల్లో ఇడ్లీ తిని రాత్రి బస్సుకు వచ్చేశాము. కోత లేదు, కుట్టు లేదు, బెడ్డు లేదు. రెండు రోజులు కొద్దిగా రక్తం కనబడింది, అంతే. ఖర్చు ఐవీఎఫ్ ప్యాకేజీలో నాలుగో వంతు కాలేదు.

ఇదేదో మంత్రం వేసినట్టని నేను చెప్పడం లేదు, అలా రాస్తే కరపత్రానికీ నా ఉత్తరానికీ తేడా ఉండదు. ఈ పద్ధతిలో ట్యూబు తెరుచుకోవడం చాలామందిలో జరుగుతుంది, గర్భం నిలవడం అంతమందిలో జరగదు. ఇంతవరకు ప్రచురితమైన ఫలితాలన్నీ కలిపి చూసినవాళ్లు, ఇలా తెరిపించుకున్న నూరుమందిలో పాతిక ముప్పై మందికి గర్భం నిలిచిందనీ, నలుగురికి గర్భం ట్యూబులోనే పడిందనీ లెక్క తేల్చారు. కొందరికి కొన్ని నెలల్లోనే ట్యూబు మళ్లీ మూసుకుంటుంది. అరుదుగా తీగ ట్యూబు గోడను గుచ్చుకుని పక్కకు పోతుంది, అది చాలావరకు దానంతటదే మానిపోతుంది. ట్యూబులో గర్భం మాత్రం ప్రాణం మీదికి తెచ్చే సంగతి. అందుకని ఈ చికిత్స తర్వాత నెల తప్పితే వారం పది రోజుల్లోనే డాక్టరును కలిసి, గర్భం ఎక్కడుందో స్కానింగులో చూపించుకోవాలి. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కళ్లు తిరగడం ఉంటే రాత్రైనా సరే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మా అమ్మాయికి డిశ్చార్జి కాగితం మీద ఈ మాట ఎర్ర ఇంకుతో రాసిచ్చారు, నాకు ఆ ఆసుపత్రిలో అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇక ఈ దారి ఎవరికి పనికిరాదో చెప్పడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే రేపు ఎవరో ఈ ఉత్తరం కత్తిరించి పట్టుకుని, అందరికీ తీగతో తెరిచేయమని డాక్టరుతో పేచీ పెట్టుకోకూడదు. ట్యూబు గర్భసంచి వైపు కాక, అండం అందుకునే కొన దగ్గర మూసుకుపోయి, లోపల నీరు నిండి తిత్తిలా ఉబ్బితే దాన్ని హైడ్రోసాల్పింక్స్ అంటారు. అక్కడికి తీగ పంపి లాభం లేదు. పైపెచ్చు ఆ నీరు గర్భసంచిలోకి దిగుతూ ఐవీఎఫ్‌ను సైతం చెడగొడుతుంది కనుక, ముందు ఆ ట్యూబును లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) తీసేయడమో, మూల దగ్గర బిగించేయడమో చేసి తర్వాత ఐవీఎఫ్‌కు వెళ్లమంటారు. ఇటువంటివారికి మీ వ్యాసంలోని వాక్యం చాలావరకు సరిపోతుంది. 1978 జూలైలో ఇంగ్లండులో పుట్టిన మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ తల్లికి ఉన్న సమస్య మూసుకుపోయిన ట్యూబులే. ఐవీఎఫ్ పుట్టిందే ట్యూబుల్ని దాటి వెళ్లడానికి. దాన్ని కించపరిచే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు.

మన దేశంలో దీనికి మరో పేచీ ఉంది, క్షయ. ఊపిరితిత్తుల్లో మొదలైన క్షయ రక్తంలో కలిసి జననాంగాలకు చేరితే, దాదాపు ఎప్పుడూ ముందుగా పట్టేది రెండు ట్యూబుల్నీ. ఆ అమ్మాయికి దగ్గు ఉండకపోవచ్చు, జ్వరం ఉండకపోవచ్చు. పిల్లలు పుట్టకపోవడం ఒక్కటే లక్షణం కావచ్చు. ఎక్స్‌రేలో అటువంటి ట్యూబులు పూసల దండలా గానీ, వంపు లేని గొట్టంలా గానీ కనబడతాయి. చివర ఉబ్బిన ఒక ఆకారాన్ని రేడియాలజీ పుస్తకాల్లో పొగాకు సంచి అంటారు. పొగాకు పండే జిల్లాలో పనిచేసినదాన్ని కాబట్టి ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది, ఆ ఫిల్ము తాలూకు అమ్మాయిని చూశాక నవ్వు పోయింది. క్షయ ఉండగా ట్యూబులోకి తీగ పెట్టకూడదు, డై కూడా ఎక్కించకూడదు. ముందు ఆరు నెలల మందులు వాడాలి. అవి ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, పోషకాహారానికి నెలనెలా ఇచ్చే డబ్బును 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచారు కూడా. మందులు వాడాక కూడా ట్యూబులు బాగుపడడం తక్కువే. అయినా గర్భసంచి పొర చెడకముందే పట్టుకుంటే కనీసం ఐవీఎఫ్‌కైనా అవకాశం మిగులుతుంది. క్షయ పరీక్ష అడగకుండా ప్యాకేజీ చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వచ్చేది అందుకే.

మూడో రకం, ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లకు చేసే ఆపరేషన్. మన తెలుగు రాష్ట్రాల్లో ఈ సంగతి విడిగా చెప్పక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన, పిల్లల్ని కనే వయసు మహిళల్లో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఇరవై రెండేళ్లకే ఆపరేషన్ అయి, తర్వాత ఉన్న బిడ్డ చెరువులో పడో, జ్వరం వచ్చో పోతే, వాళ్లు మళ్లీ ఆసుపత్రికి వచ్చి అడిగేది రీకెనలైజేషన్, అంటే మూసిన దారిని మళ్లీ తెరవడం. చిక్కేమిటంటే, తీగతో ట్యూబు తెరవడాన్ని కూడా డాక్టర్లు ఇదే మాటతో పిలుస్తారు. ఈ రెండూ ఒకటి కావు. ట్యూబెక్టమీలో ట్యూబు కోసి, ముడి వేస్తారు. అక్కడ దారే లేదు, తీగ ఎక్కడికి పోతుంది? కోసిన రెండు కొసల్నీ మైక్రోస్కోపు కింద కలిపి కుట్టే ఆపరేషన్ అది, దానికి మత్తూ, ఆసుపత్రిలో ఉండడమూ తప్పవు. బిడ్డ పోయిన ఒక తల్లి పేపర్లో ఏదో చదివి, అరగంటలో తెరిచి పంపేస్తారట కదా సిస్టర్ అని వచ్చి అడిగినప్పుడు, కాదమ్మా అది వేరు అని చెప్పడానికి నాకు ఎంత సమయం పట్టిందో ఇప్పటికీ గుర్తుంది.

ఇంతకూ మూల దగ్గర బ్లాకు ఉన్నవాళ్లకు ఈ తీగ వైద్యం సంగతి ఎందుకు చెప్పరు? బయటి దేశాల్లో దీనికి గుర్తింపు లేక కాదు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నైస్ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ట్యూబు గర్భసంచి వైపు మూసుకున్న మహిళలకు ఈ చికిత్సలు ఒక మార్గమనీ, గర్భం వచ్చే అవకాశాన్ని పెంచుతాయనీ ఉంది. అమెరికాలో సంతానలేమి వైద్యుల సంఘం కూడా, వయసులో చిన్నవారై, వేరే పెద్ద లోపాలు లేనివారికి దీన్ని సిఫారసు చేస్తుంది. మన దగ్గర చెప్పకపోవడానికి డబ్బు ఒక కారణం, దాన్ని దాచి మాట్లాడనక్కర్లేదు. లక్షన్నర ప్యాకేజీ అమ్ముకునే చోట, అరగంట పనికి పేషెంటును వేరే ఆసుపత్రికి పంపుతారని ఆశించడం అమాయకత్వం. అయితే నేను చూసినంతలో అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. పేషెంటు ఉండేది గైనకాలజిస్టు చేతిలో, తీగ ఉండేది రేడియాలజిస్టు చేతిలో. ఇద్దరి గదుల మధ్య వరండా చాలా పొడుగు. మా ఆసుపత్రిలో ఎముకల ఆపరేషన్లకు వాడే సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం మధ్యాహ్నం తర్వాత గుడ్డ కప్పుకుని కూర్చునేది. ఎక్స్‌రే తెర ఉంది, బల్ల ఉంది, నేర్చుకోగల చేతులు ఉన్నాయి, గొట్టాలూ తీగలూ మాత్రం ఇండెంటులో, అంటే తెప్పించాల్సిన సామాన్ల జాబితాలో, ఎవరూ రాయలేదు. రాయాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

వైద్యుల వైపు న్యాయం కూడా చెప్పాలి. మహిళకు 37, 38 ఏళ్లు దాటితే ట్యూబు తెరిచి ఏడాది వేచి చూడడం మంచి సలహా కాదు, అండాలు తరిగిపోయే వయసులో ఆ ఏడాది చాలా విలువైనది. అటువంటప్పుడు నేరుగా ఐవీఎఫ్ అన్న డాక్టరు సరైన మాటే చెబుతున్నట్టు. నేను మాట్లాడేది ఇరవైల్లో, ముప్పై మొదట్లో ఉండి, నెలసరి సక్రమంగా ఉండి, భర్త పరీక్ష బాగుండి, ఒక్క ఫిల్ము మీద రెండూ బ్లాకు అని తీర్పు పడ్డ అమ్మాయిల గురించి.

ప్రభుత్వాల సంగతి రెండు మాటల్లో. ఆయుష్మాన్ భారత్ పథకం నిబంధనల్లోనే సంతానలేమి చికిత్సలను మినహాయించారు. తెలంగాణలో గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించారు, సంతోషమే. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో శాసనసభ ఎత్తివేసింది. జనాభా తగ్గుతోందని పెద్దలు వేదికల మీద బెంగపడుతున్నారు. పిల్లలు వద్దనుకునేవాళ్లను కనమని బతిమాలే ముందు, కావాలని ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడ్డవాళ్లను చూడవచ్చు కదా అని నాలాంటివాళ్లకు అనిపిస్తుంది. బోధనాసుపత్రుల్లో గైనకాలజీ, రేడియాలజీ విభాగాలు కలిసి వారంలో ఒక్క పూట ఈ పని పెట్టుకుంటే కొత్త భవనం అక్కర్లేదు, మంచాలు అక్కర్లేదు. ఔట్‌పేషెంటుగా వచ్చి అదే రోజు వెళ్లిపోతారు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ జాబితాల్లో దీనికి ఒక చోటు ఇచ్చే విషయం రెండు ప్రభుత్వాలూ ఆలోచించాలని కోరుతున్నాను.

రేడియాలజీ సెంటర్ల వారికి ఒక విన్నపం. మూల దగ్గర డై ఆగినప్పుడు, సడలింపు ఇంజెక్షన్ ఇచ్చి కాసేపాగి మళ్లీ చూశామా లేదా అన్నది రిపోర్టులో ఒక్క వాక్యంగా రాయండి. బ్లాకు అని మాత్రమే రాసి వదిలేయకుండా, కండరం బిగుసుకోవడం వల్ల కూడా ఇలా కనబడవచ్చు అని చేర్చండి. ఫిల్ములన్నీ, లేకపోతే సీడీ, పేషెంటు చేతికి ఇవ్వండి. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల ఇళ్లలో జరిగే మాటలు మీ గదిలోకి వినబడవు. "గొడ్డు" అన్న మాట ఇంకా మన ఊళ్లలో బతికే ఉంది.

మా అమ్మాయికి ఇంకా గర్భం నిలవలేదు. చికిత్స జరిగి ఐదు నెలలే అయింది. ఏడాది చూసి, కాకపోతే ఐవీఎఫ్‌కే వెళ్తామని భార్యాభర్తలిద్దరూ నిశ్చయించుకున్నారు, అందుకు నెలనెలా కొంత పక్కన పెడుతున్నారు. ఈసారి వెళ్లినా కౌన్సెలర్ గదిలో తగ్గింపు గడువు చూసి కాదు, తమ ట్యూబుల సంగతి తమకు తెలిసి వెళ్తారు. మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన ఆ వాక్యం కింద, బ్లాకు ఎక్కడ ఉందో, ఎన్నిసార్లు చూశారో ముందు డాక్టరును అడగండి అని మరొక వాక్యం చేర్చి సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
ప్రకాశం జిల్లా